ఇంట్లో కంప్యూటర్ మీద మొదటి పాఠం వీడియో: గొంతు బావిలోంచి, వత్తులు గాల్లోకి

ఎర్రమట్టి_టీచర్
ఆరో తరగతి భిన్నాల మీద ఇంట్లోనే వీడియోలు చేద్దామని కూర్చున్నా. అనంతపురం. పైన ఆర్సీసీ కప్పు, కింద కడప బండలు, గోడలు బోసి. డెస్క్‌టాప్ ఐ3, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10, మానిటర్ మీద ఒక వెబ్‌క్యామ్. యూపీఎస్ లేదు. మైకు విడిగా కొనలేదు, ఫోను ఇయర్‌ఫోనే పెట్టినా. పవర్‌పాయింట్ స్లైడ్లు ఆడిస్తా ఓబీఎస్‌తో (తెర మీదిది రికార్డు చేసే ఉచిత ప్రోగ్రాం) రికార్డు చేస్తే వచ్చిన తంటాలు:
గొంతు బావిలోంచి మాట్లాడినట్టుండాది. ఎడిటర్‌లో తెలుగు టైటిల్ పెడితే వత్తులు ఊడిపోతాండాయి. 25 నిమిషాలు చెప్పినాక కరెంటు పోయింది, ఫైలు ఉండాది గానీ తెరుచుకోదు. ఖర్చు 1000 రూపాయలు దాటకుండా యాడ మొదలుపెట్టాల?

ఉగ్గాని_బజ్జి
మన అనంతపురంలో బావిలోంచి గొంతైనా వస్తాందంటే సంతోషించల్ల. నీళ్ళు ఎట్లా రావు.

బేతంచెర్ల_బండ
కొనే ముందు ఒక పరీక్ష. ఓబీఎస్ తెరిచి ఆడియో మిక్సర్ మీటరు చూస్తూ ఇయర్‌ఫోన్ వైరుకుండే మైకు గుండీని గోటితో గీకండి. తర్వాత వెబ్‌క్యామ్‌ను గీకండి. ఏది గీకితే మీటరు గబుక్కున లేస్తుందో, మీ గొంతు పట్టుకునేది అదే.

ఎర్రమట్టి_టీచర్
వెబ్‌క్యామ్ గీకితే లేస్తాంది. ఇయర్‌ఫోన్ గుండీకి చలనమే లేదు. పిన్ను గులాబీ రంగు రంధ్రంలోనే పెట్టినా కదా?

జంక్షన్_వైరు
రంధ్రం సరే, పిన్ను వేరు. ఇయర్‌ఫోన్ పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడుంటే అది ఫోను పిన్ను: ఎడమ చెవి, కుడి చెవి, ఎర్త్, మైకు నాలుగూ ఒకే పుల్ల మీద ఉంటాయి. డెస్క్‌టాప్ గులాబీ రంధ్రానికి మైకు కొసన దొరకాలి, అక్కడ దానికి ఎడమ చెవి స్పీకరు తగులుతుంది. అందుకే మూగ. ఒక ఆడ రంధ్రం, రెండు మగ పిన్నులుండే స్ప్లిటర్ వైరు కొనండి. మైకు బొమ్మున్న పిన్ను గులాబీలో, హెడ్‌ఫోన్ బొమ్మున్నది పచ్చదాంట్లో. అంగట్లో అడిగేటప్పుడు "రెండు ఇయర్‌ఫోన్లు ఒకే ఫోనుకు పెట్టే వైరు కాదు" అని గట్టిగా చెప్పండి. చూపుకు రెండూ ఒకటే, వంద మందిలో సగం మంది అదే తెచ్చుకుంటారు.
లాప్‌టాప్ వాళ్ళకు ఈ గొడవ లేదు, ఒకే రంధ్రం ఉంటే అది మూడు గీతల పిన్నే తీసుకుంటుంది.

కారం_దోశె
వంద మందిలో సగమంటే నువ్వు కూడా తెచ్చుకున్నావన్నమాట.

జంక్షన్_వైరు
రెండుసార్లు.

బేతంచెర్ల_బండ
సరే, అసలు సంగతి. వెబ్‌క్యామ్ మీ నోటికి రెండడుగుల పైన ఉంది. గొంతు నేరుగా ఒకసారి, కడప బండ మీద, కప్పు మీద, ఎదురు గోడ మీద తగిలి మళ్ళీ మళ్ళీ చేరుతుంది. అదే బావి. నునుపు బండ ధ్వనిని మింగదు, అద్దంలా తిప్పికొడుతుంది. మైకును నోటి దగ్గరికి తెస్తే, దూరం సగమైన ప్రతిసారీ నేరు గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, గది మోత మాత్రం ఉన్నంతే ఉంటుంది. కాబట్టి 5000 రూపాయల మైకును మూడడుగుల దూరంలో పెట్టడం కన్నా ఇయర్‌ఫోన్ గుండీని జానెడు దూరంలో పెట్టడం మేలు.
గుండీని గడ్డం కింద, కొంచెం పక్కకు, చొక్కాకో చీర అంచుకో పిన్నీసుతో. సూటిగా నోటి ముందు పెడితే "ఫ", "భ", "ప" పలికినప్పుడల్లా గాలి తగిలి డబ్ డబ్ అంటుంది. "భిన్నం" అనే మాట మీ పాఠంలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకోండి.

పెన్న_ఇసుక
నగలు, గాజులు కూడా. మైకు పక్కన తాళిగొలుసు కదిలితే ప్రతి వాక్యానికి గలగల. ఎడిటింగ్‌లో దాన్ని తీయడం ఎవరి వల్లా కాదు.

బేతంచెర్ల_బండ
గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. "టక్" తర్వాత "రింగ్" అని తోక వినిపిస్తే బొంతలు కావాలి. మీ ముఖం ఎదురుగా, మానిటర్ వెనక, తీగె కట్టి రెండు బొంతలు వేలాడదీయండి. గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ళు ఎడం ఉంచితే ఇంకా మింగుతాయి. కింద బండ మీద జంపఖానా.

సుద్దముక్క
బొంత మనిషి వెనక కట్టాలి కదా? అన్నిచోట్లా అదే చెప్తారు.

బేతంచెర్ల_బండ
అది ఒకవైపు నుంచి మాత్రమే వినే మైకుకు. దాని ముఖం మీవైపు ఉంటుంది, మీతోపాటు మీ వెనక గోడనూ వింటుంది, కాబట్టి వెనక బొంత. ఇయర్‌ఫోన్ గుండీ, కాలర్ మైకు నాలుగు పక్కలా వింటాయి. అప్పుడు గొంతు ముందుగా పోయి తగిలే చోటు, అంటే ఎదురు గోడ, ముఖ్యం. రెండువైపులా కట్టేంత బొంతలుంటే కట్టండి, ఎవరూ కాదనరు.

ఉగ్గాని_బజ్జి
మే నెల, అనంతపురం, ఫ్యాను ఆపి, రెండువైపులా బొంతలు. పాఠం పూర్తయ్యేలోపు టీచరమ్మ ఉడికిపోతాది.

ఎర్రమట్టి_టీచర్
అది నిజమే. ఫ్యాను ఆపక తప్పదా? గొంతు రికార్డును సవరించే ప్రోగ్రాం ఆడాసిటీలో శబ్దం తీసేయొచ్చు అంటారు కదా.

పెన్న_ఇసుక
తీయొచ్చు, కొంత. సీలింగ్ ఫ్యాన్ మోత ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి నాయిస్ రిడక్షన్‌కు దొరుకుతుంది. రికార్డు మొదలుపెట్టినాక మాట్లాడకుండా, ఊపిరి కూడా గట్టిగా వదలకుండా 5 సెకన్లు ఊరికే కూర్చోండి. ఆడాసిటీలో ఆ 5 సెకన్లు సెలెక్ట్ చేసి నాయిస్ ప్రొఫైల్ (మోత నమూనా) తీసుకోండి, తర్వాత మొత్తం సెలెక్ట్ చేసి 6 నుంచి 12 డెసిబెల్స్ లోపు తగ్గించండి. ఒకేసారి 20, 24 పెడితే గొంతు నీళ్ళలో మునిగి మాట్లాడినట్టు గులగుల అంటుంది. చాలకపోతే 6 చొప్పున రెండుసార్లు.
టేబుల్ ఫ్యాన్ మాత్రం వద్దు. అక్కడ మోత కాదు సమస్య, గాలి నేరుగా మైకుకు తగలడం. దానికి తీరంటూ ఉండదు, ఏ ఫిల్టరుకూ దొరకదు.

బేతంచెర్ల_బండ
నేను ఒప్పుకోను. ఫ్యాను పెట్టి తీసి తర్వాత కడగడం కన్నా, 3 నిమిషాల ముక్కలుగా ఫ్యాను ఆపి తీయడమే నయం. ముక్క తీయి, ఫ్యాను వేయి, చెమట తుడుచుకో, మళ్ళీ ముక్క. పైగా భిన్నాల పాఠం 25 నిమిషాలు ఎవడు చూస్తాడు?

కారం_దోశె
తెల్లారుజామున 4 గంటలకు తీస్తే చల్లగా ఉంటుంది.

ఉగ్గాని_బజ్జి
4న్నరకు గుడి మైకు, 5కు మసీదు మైకు, 5న్నరకు పాలబండి, 6కు కొళాయి దగ్గర కొట్లాట. మధ్యలో దొరికిన ముక్కలే మన స్టూడియో.

సుద్దముక్క
బండన్న చివర్లో అన్నది గట్టిగా పట్టుకోండి టీచర్. 25 నిమిషాలు అనేదే తప్పు. ఒక వీడియోకు ఒక పొరపాటు. మీ పిల్లలు 3/4 + 2/3 ఇస్తే ఏం రాస్తారు? 5/7. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేస్తారు. వీడియో అక్కడి నుంచే మొదలు పెట్టండి, "భిన్నాల నిర్వచనం" నుంచి కాదు.
నాలుగు నిమిషాలకు ఇట్లా రాసుకోవచ్చు. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేయండి, ఎడమ కనిపించేది, కుడి వినిపించేది.
తెర మీద ముందు 5/7 ఒక్కటే, పెద్దగా. గొంతు: "ఇది తప్పు. ఎంత తప్పో చూద్దాం." తర్వాత ఒక జొన్నరొట్టె బొమ్మ, నాలుగు ముక్కలు, మూడింటికి రంగు. 3/4 అంటే 21/28. 5/7 అంటే 20/28. ముందు మూడు ముక్కలు ఉన్నవాడికి ఇంకా ఇంత రొట్టె పెడితే ఉన్నది తగ్గిందా? ఇక్కడ 3 సెకన్లు గొంతు ఆపండి, పిల్లోడు నవ్వుకోవాలి. తర్వాత రెండో రొట్టె, మూడు ముక్కలు, రెండింటికి రంగు. పక్కపక్కన పెట్టి ముక్కల సైజు వేరని చూపించాలి. సైజు వేరైతే లెక్కపెట్టలేం. రెండు రొట్టెల మీదా గీతలు గీసి 12 ముక్కలు చేయండి: మొదటిది 9/12, రెండోది 8/12, మొత్తం 17/12, అంటే ఒక రొట్టె, ఇంకో 5 ముక్కలు. క.సా.గు. అనే మాట ఇక్కడ మొదటిసారి రావాలి, 12 కనిపించినాక. ముందే వస్తే మళ్ళీ అది మంత్రమే.

పెన్న_ఇసుక
ఆ రొట్టెను పవర్‌పాయింట్‌లో వృత్తంగా గీసి మీద గీతలు పెట్టకండి, ముక్కలకు రంగు మార్చడం కుదరదు. ఆకారాల్లో కేకు ముక్క లాంటిది ఉంటుంది, దాని పసుపు చుక్కలు లాగితే కోణం మారుతుంది. 12కు 30 డిగ్రీలు, 4కు 90, 3కు 120. ఒకటి చేసి కాపీ చేసి తిప్పుకోండి. ముక్క ముక్కకు "క్లిక్ చేస్తే కనిపించు" అనే యానిమేషన్ ఒక్కటి చాలు. ఎగిరి వచ్చేవి, గిరగిరా తిరిగేవి పెడితే పిల్లోడి కన్ను రొట్టె మీద కాదు, తిరుగుడు మీద ఉంటుంది.
అక్షరాలు పెద్దవి. స్లైడ్ పూర్తయినాక స్క్రీన్ మీద దాన్ని అరచేతి వెడల్పుకు తగ్గించి చూడండి. చదవలేకపోతే ఫోన్లో పిల్లోడూ చదవలేడు. 40 పాయింట్ల కింద పెట్టడం నాకు ఇష్టం ఉండదు, వత్తులున్న భాషకు ఇంకా.

ఎర్రమట్టి_టీచర్
5/7 సంగతి బాగుంది, నేను నిర్వచనంతోనే మొదలుపెట్టినా. వత్తులు అన్నారు కాబట్టి, టైటిల్ సంగతి ఎవరూ చెప్పలేదు.

తుంగభద్ర_గట్టు
కర్నూల్లో డీటీపీ పని చేసేవాళ్ళందరికీ తెలిసిన రోగం. మూడు రకాలు, ఏది మీదో చూడండి.
ఖాళీ పెట్టెలు వస్తే ఆ ఫాంటులో తెలుగు లేదు. ఫాంటు మార్చండి, అయిపోయింది.
ఇంగ్లీషు అక్షరాలు, డాలర్లు, ఆశ్చర్యార్థకాలు కలిసి వస్తే అది అను ఫాంట్లలో (డీటీపీలో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) కొట్టిన మ్యాటరు. అది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల కోడ్) కాదు, లోపల ఉన్నవి నిజంగా ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు బొమ్మ తొడిగారంతే. కన్వర్టర్‌లో యూనికోడ్‌కు మార్చాలి. మార్చినాక క్ష, జ్ఞ, వలపల గిలక (అక్షరం పక్కన రాసే పాత ర్ గుర్తు) ఉన్న మాటలు ఒక్కొక్కటీ చదవండి, తేడా అక్కడే పడుతుంది.
అక్షరాలు తెలుగే, కానీ "స్త్రీ" అని కొడితే స, త, ర విడివిడిగా మధ్యలో పొల్లులతో వస్తే, యూనికోడ్ సరిగ్గానే ఉంది, అక్షరాలను కలిపి కట్టే పని ఆ ఎడిటర్‌కు రాదు. ఫాంటు ఎన్ని మార్చినా లాభం లేదు. మీది ఇదే.

ఎర్రమట్టి_టీచర్
మూడోదే. "హారం" బాగా వస్తాది, "భిన్నం"లో న కింద న పక్కకు పోతాది.

తుంగభద్ర_గట్టు
అయితే టైటిల్ ఎడిటర్‌లో కొట్టకండి. పవర్‌పాయింట్‌లోనో లిబ్రేఆఫీస్ ఇంప్రెస్‌లోనో టైటిల్ స్లైడ్ చేసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, ఆ బొమ్మను టైమ్‌లైన్ మీద వేయండి. బొమ్మకు వత్తులు ఊడవు. ఫాంటుకు మండలి, ఎన్టీఆర్, రామభద్ర చూడండి, మూడూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. మండలి చదవడానికి, రామభద్ర శీర్షికలకు. రామభద్రలో పేరాలు మాత్రం కొట్టొద్దు, కళ్ళు పోతాయి.
భిన్నం గీత కోసం స్లాష్ వాడకండి. పవర్‌పాయింట్‌లో ఆల్ట్ నొక్కి సమానం గుర్తు కొడితే సమీకరణం పెట్టె వస్తుంది, అందులో పైన లవం కింద హారం పెట్టొచ్చు.

కారం_దోశె
ఇక్కడ మనమంతా 5/7 అని స్లాషే కొడతాన్నాం కదప్పా.

తుంగభద్ర_గట్టు
మనం ఆరో తరగతి కాదు.

జంక్షన్_వైరు
కరెంటు పోయిన ఫైలు మాట మిగిలింది. మామూలు ఎంపీ4 ఫైలుకు విషయసూచిక రికార్డింగు ఆపినప్పుడు చివర రాస్తారు. మధ్యలో కరెంటు పోతే సూచిక లేదు, లోపల 25 నిమిషాలూ ఉన్నా ప్లేయరుకు ఎక్కడ ఏముందో తెలియదు. ఓబీఎస్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్, అందులో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీ (ఇంకో రకం వీడియో ఫైలు) పెట్టండి. ఎంకేవీ ఎక్కడ తెగితే అక్కడిదాకా ఆడుతుంది. పని అయినాక ఫైల్ మెనూలో "రీమక్స్ రికార్డింగ్స్" నొక్కితే క్షణాల్లో ఎంపీ4 అవుతుంది. పెట్టె మాత్రమే మారుతుంది, నాణ్యత రవ్వంత కూడా తగ్గదు.

పెన్న_ఇసుక
అక్కడే ఉన్నప్పుడు ఇవి కూడా సరిచేయండి. వీడియో ట్యాబ్‌లో అవుట్‌పుట్ రిజల్యూషన్ 1280, 720. ఫ్రేములు 30. ఐ3కి 1080 అవసరం లేదు, స్లైడ్లకు 720 చాలు. ఎన్‌కోడర్‌లో (వీడియోను కుదించే భాగం) క్విక్ సింక్ కనిపిస్తే అది, లేకపోతే ఎక్స్264, ప్రీసెట్ వెరీఫాస్ట్. కింద "ఎన్‌కోడింగ్ ఓవర్‌లోడెడ్" అని వస్తే క్రోమ్ మూసేయండి, ప్రీసెట్ ఇంకా వేగందానికి మార్చండి.
సైజు లెక్క: సెకనుకు 2500 కిలోబిట్లు పెడితే, 10 నిమిషాలకు 2500 ఇంటూ 600 బై 8, సుమారు 190 ఎంబీ. డిస్కులో ఖాళీ చూసుకొని మొదలుపెట్టండి.

బేతంచెర్ల_బండ
మీటరు సంగతి కూడా. ఓబీఎస్‌లో పచ్చ, పసుపు, ఎరుపు ఉంటాయి. మామూలుగా మాట్లాడితే పసుపులో ఆడాలి, గట్టిగా నొక్కి పలికిన మాటకు ఎరుపు అంచు తాకి వెనక్కి రావాలి. ఎరుపు చివర 0కి తగిలితే గొంతు పగులుతుంది, పగిలింది మళ్ళీ అతకదు. పచ్చలోనే ఉంటే మైకు దగ్గరికి తెచ్చుకోండి. విండోస్‌లో మైక్ బూస్ట్ 30 పెట్టి సర్దుకోవద్దు, గొంతుతోపాటు బుస్స్ కూడా పెరుగుతుంది.

సుద్దముక్క
నా మాట వేరే. స్లైడ్లే ఎందుకు? భిన్నాలు, సమీకరణాలు చేత్తో రాస్తుంటే పిల్లోడు ఆ వేగంతో ఆలోచిస్తాడు. స్లైడ్ టక్కున వచ్చేస్తుంది, వాడికి ఊపిరాడదు. ఫోనును పైనుంచి వేలాడదీసి కాగితం మీద రాస్తూ తీయండి.

పెన్న_ఇసుక
రొట్టె ముక్కలు చేత్తో 12 సమానంగా గీస్తారా?

సుద్దముక్క
రొట్టెకు స్లైడ్, లెక్కకు కాగితం. రెండూ ఒకే వీడియోలో కలపొచ్చు కదా.
స్టాండు కొనక్కర్లేదు. రెండువైపులా పుస్తకాలు అడుగున్నర ఎత్తు పేర్చి, మీద చెక్క పలక, పలక అంచు దాటి ఫోను కెమెరా బయటికి. పైన బరువు పెట్టండి, ఫోను కింద పడకుండా. ఏ4 కాగితం అడ్డంగా, నాలుగు మూలలకు టేపు. బాల్‌పెన్ను కనిపించదు, స్కెచ్ పెన్ను వాడండి. మెరిసే తెల్ల కాగితం కన్నా రికార్డు పుస్తకం కాగితం మేలు.
మూడు చిక్కులు వస్తాయి. ఫోను బోర్లా ఉన్నప్పుడు దానికి ఏది పైనో తెలియదు, నిలువుగా తీసేస్తుంది. ముందు చేత్తో నిటారుగా అడ్డం పట్టుకొని రికార్డు నొక్కి, ఆ తర్వాత పలక మీద పెట్టండి. రెండోది, చెయ్యి కదిలినప్పుడల్లా వెలుగు పెరిగి తగ్గుతుంది. తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. మూడోది నీడ. కుడిచేత్తో రాసేవాళ్ళకు దీపం ఎడమవైపు ముందు నుంచి.

జంక్షన్_వైరు
దీపం అన్నారు కాబట్టి: ఎల్‌ఈడీ బల్బు కింద వీడియోలో నల్ల పట్టీలు పైకీ కిందికీ పోతుంటే, అది ఫోను జబ్బు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక బల్బు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. కెమెరాలో షటర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టే వీలుంటే పోతుంది. లేకపోతే పగలు కిటికీ వెలుతురు, ఎండ నేరుగా పడకుండా పలచటి పంచె అడ్డం కట్టి.

పెన్న_ఇసుక
ఫోను వీడియో, కంప్యూటర్ ఆడియో విడివిడిగా తీస్తే ఒక హెచ్చరిక. మొదట్లో పెదవి, మాట కలుస్తాయి, పది నిమిషాలకు మాట ముందుకో వెనక్కో జారుతుంది. ఫోను సెకనుకు 30 ఫ్రేములు అంటుంది గానీ వెలుగును బట్టి 28, 29, 30 మారుస్తుంది. ఎడిటర్‌లోకి వేసే ముందు హ్యాండ్‌బ్రేక్‌లో (వీడియో ఫైలును మార్చే ఉచిత ప్రోగ్రాం) "కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్" పెట్టి ఒకసారి మార్చుకోండి. కలపడానికి రికార్డింగు మొదట్లో కెమెరాకు కనిపించేట్టు ఒక చప్పట్లు. ఎడిటర్‌లో కనిపించే ఆడియో అల మీద సూదిలాగా లేస్తుంది, చేతులు తాకిన ఫ్రేము కింద ఆ సూదిని పెట్టండి.
అదే చప్పట్లు తప్పులకు కూడా. మాట తడబడితే ఆపకండి. రెండు సెకన్లు ఆగి, చప్పట్లు కొట్టి, వాక్యం మొదటి నుంచి చెప్పండి. వాక్యం మధ్యలో నుంచి కాదు, గొంతు ఎత్తు కలవదు. ఎడిటింగ్‌లో సూదులు వెతికి ముందున్న వాక్యం కోసేయడమే.

ఉగ్గాని_బజ్జి
పక్కింటోళ్ళు ఏమనుకుంటారప్పా, టీచరమ్మ పాఠం చెప్పి తనే చప్పట్లు కొట్టుకుంటాందని.

ఎర్రమట్టి_టీచర్
ఎడిటర్ ఏది? ఇంతవరకు పేరు చెప్పలేదు.

పెన్న_ఇసుక
షాట్‌కట్. ఉచితం, వాటర్‌మార్కు వేయదు, మీ మెషిన్‌కు సరిపోతుంది. కేడెన్‌లైవ్ కూడా మంచిదే. డావిన్చి రిజాల్వ్ గొప్పది, మీ ఐ3 మీద లేస్తే గొప్ప.
నేర్చుకోవాల్సినవి నాలుగే: కోయడం, కోసిన ఖాళీ మూయడం, రెండో ట్రాక్ మీద బొమ్మ పెట్టడం, ఎక్స్‌పోర్ట్. మిగతావి ఆరు నెలల తర్వాత.

తుంగభద్ర_గట్టు
ఓబీఎస్ లేకుండా పవర్‌పాయింట్ లోపలే గొంతు రికార్డు చేయొచ్చు కదా? స్లైడ్ స్లైడ్‌కు ఆడియో విడిగా ఉంటుంది, ఏడో స్లైడ్ పాడైతే ఏడోది ఒక్కటే మళ్ళీ చెప్పొచ్చు. తర్వాత ఎక్స్‌పోర్ట్‌లో "క్రియేట్ ఎ వీడియో".

పెన్న_ఇసుక
మొదటి వీడియోకు నిజంగా అదే తేలిక, ఒప్పుకుంటా. ఒక్క గోతి ఉంది: ఒక స్లైడ్ నుంచి ఇంకో స్లైడ్‌కు మారే క్షణంలో అది గొంతు రికార్డు చేయదు. మాట్లాడుతూ బటన్ నొక్కితే వాక్యం తోక తెగుతుంది. వాక్యం ముగించు, ఒక్క క్షణం ఆగు, నొక్కు, మళ్ళీ ఒక్క క్షణం ఆగు, మాట్లాడు.

సుద్దముక్క
మాదిరి కావాలంటే ఐఐటీ బొంబాయి వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ చూడండి, తెలుగులో డబ్ చేసినవి ఉన్నాయి. బొమ్మ అదే, గొంతు మాత్రమే మారుతుంది. అందుకే వాళ్ళ స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కన నిమిషం, సెకను ఉంటాయి. నేను పైన చెప్పిన రెండు గళ్ళ కాగితం పక్కన మూడో గడి అది.

కారం_దోశె
వెనకాల పాట పెట్టొచ్చా? సినిమా పాట సన్నగా.

పెన్న_ఇసుక
వద్దు. ఎంత సన్నగా పెట్టినా యూట్యూబ్ కాంటెంట్ ఐడీ (కాపీరైటు పాటలను పట్టుకునే ఏర్పాటు) పసిగట్టే వీలుంది. మొదట్లో 5 సెకన్లు పెట్టాలనుకుంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలోది. పాఠం కింద ఏ సంగీతమూ వద్దు, లెక్క అర్థం చేసుకునేవాడికి అడ్డం.
అప్‌లోడ్ అప్పుడు: ఫోను నంబరుతో వెరిఫై చేయని ఖాతాకు 15 నిమిషాలు దాటిన వీడియో ఎక్కదు. "పిల్లల కోసం చేసింది" అని పెడితే కింద కామెంట్లు మూసుకుంటాయి, ప్రశ్నలు అక్కడ అడగమని పిల్లలకు చెప్పకండి. తరగతి వరకే అయితే అన్‌లిస్టెడ్ పెట్టి లింకు ఇవ్వండి. వాట్సాప్‌లో నేరుగా పంపాలంటే డాక్యుమెంటుగా పంపండి. వీడియోగా పంపితే అది నలిపేస్తుంది, హారం 3నో 8నో తెలియదు.

ఎర్రమట్టి_టీచర్
స్ప్లిటర్ వైరు వచ్చింది. బొంత ఒకటి మానిటర్ వెనక, గుండీ గడ్డం కింద. ఎంకేవీ, 720, 30. బావి పోయింది. ఇప్పుడు రెండు కొత్తవి. వెనక సన్నగా "గుంయ్" అని ఒకే తీరు మోత. ఇంకోటి, హెడ్‌ఫోన్ పెట్టి వింటే గొంతు ఎడమ చెవిలోనే వస్తాంది.

జంక్షన్_వైరు
"గుంయ్" మోత ఎర్త్‌ది. సీపీయూ పెట్టిన ప్లగ్గు మూడు పిన్నులదే, బోర్డులో మూడో రంధ్రానికి ఎర్త్ వైరు వచ్చిందా? వచ్చి ఉంటే ఎర్త్ గుంత చూడండి. మన వైపు ఎండాకాలం గుంత ఎండిపోతుంది, ఉప్పు, బొగ్గు ఉన్నా తడి లేకపోతే పని చేయదు. రెండు బిందెలు నీళ్ళు పోసి గంట తర్వాత మళ్ళీ వినండి. బోర్డు విప్పే పని మాత్రం ఎలక్ట్రీషియన్‌దే. ఈలోగా మైకు వైరును కరెంటు వైర్ల పక్కన, మానిటర్ అడాప్టర్ పక్కన పోనివ్వకండి.

పెన్న_ఇసుక
ఇప్పటికే తీసినదానికి ఆడాసిటీలో హై పాస్ ఫిల్టర్ (కింది స్థాయి మోతను కోసేది) 80 హెర్ట్జ్. ఇంకా మిగిలితే నాచ్ ఫిల్టర్ (ఒక్క స్థాయి మోతనే తీసేది) 100 దగ్గర ఒకసారి, 150 దగ్గర ఒకసారి. ఆడవాళ్ళ గొంతుకు 80 కింద పోయేదేమీ లేదు.

బేతంచెర్ల_బండ
ఎడమ చెవి సంగతి: మైకు ఒకటే, రంధ్రం మాత్రం రెండు చానళ్ళు చదువుతోంది. ఓబీఎస్ మిక్సర్‌లో మైకు పక్కన మూడు చుక్కలు, అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్, అక్కడ "మోనో" టిక్కు. ఇప్పటికే రికార్డు చేసినదానికి షాట్‌కట్‌లో ఎడమను కుడికి కాపీ చేసే ఆడియో ఫిల్టర్ ఉంది.

ఎర్రమట్టి_టీచర్
టిక్కు పెట్టినా, రెండు చెవుల్లో వస్తాంది. నీళ్ళు కొళాయి వచ్చినాక పోస్తా, ఇయ్యాల మా వీధికి రాలేదు.

ఉగ్గాని_బజ్జి
చెప్తిని కదా, బావి దగ్గరే మొదలయింది.